ఒక బాలిక – రెండు పట్టములు

ఆడుపిల్ల ఇంజనీరింగు చదువుట నేడు వింత గాదు. మా వీధిలో పదునాలుగిండ్లున్నవి. అందు తొమ్మిదిండ్ల ఆడుపిల్లలు ఆ చదువు చదివినవారో, చదువుచున్నవారో. కావున మావారి మేనకోడలు తానును ఇంజనీరింగే చదువుదు ననియుండినచో ఇంటిలో నెవ్వరును తలయెత్తి చూచియుండరు. ఆమె కోరిక వేఱు. నేడందఱును ఆర్కిటెక్చరని పిలుచు వాస్తుశిల్పమును, కట్టడముల కొఱకైన సివిలింజనీరింగును, రెండును చదివి రెండు పట్టములు గొందు ననెను. ఈ మాటతో మా యింట లేచిన చర్చ ఈ వేసవిలో రెండు మాసములు సాగినది. అందు మేమును పాల్గొంటిమి. ఇట్టి ప్రశ్న రేపు మీ యిండ్లకును రాగలదు గనుక, మేము తెలిసికొనినదియు తలచినదియు ఇచట వ్రాయుచున్నాము.

మొదట పేరుతోనే చిక్కు వచ్చినది. వాస్తువనగానే పొరుగింటి పిన్నిగారు, "ఈశాన్యాన నుయ్యి, ఆగ్నేయాన పొయ్యి, ఇంతే గదా! ఇది నేర్చుకోవడానికి అయిదేళ్లెందుకే పిల్లా?" అని విస్తుపోయిరి. మా అత్తగారు, "ప్లాన్లు గీసేవాళ్లు మునిసిపాలిటీ ముందు వరసగా కూచునే ఉన్నారు. దానికోసం పిల్లను పొరుగూరు పంపాలా?" అనిరి. పిల్ల తండ్రిగారు, అనగా మా అన్నయ్యగారు, సివిలు చదివినచో ప్రభుత్వోద్యోగమునకైనను యత్నింపవచ్చు ననియు, రెండవది డబ్బు గలవారి ముచ్చట యనియు తేల్చిరి. పిల్ల ఎవ్వరికిని ఎదురు చెప్పలేదు. "అత్తయ్యా, మీరు చదువుకొన్నవారు, మీరైనా వినండి" అని మా చెంత చేరినది. మేము చదివినవి మా తండ్రిగారి యొద్ద పంచకావ్యములును, కొంత అలంకారశాస్త్రమును. దూలమునకును స్తంభమునకును గల సంబంధము మాకేమి తెలియును? అయినను వింటిమి.

మేమిపుడు కాపురమున్న అద్దెయిల్లు పదునెనిమిదేండ్ల క్రిందట కట్టినది. శ్లాబు ఒక్క వానకైనను కాఱలేదు. గోడలలో వెంట్రుకవాసి బీటయు లేదు. కట్టించిన యింజనీరు గట్టివాడే. కాని వంటయింటి కిటికీ సరిగా పొయ్యి వెనుకనే పడమటి ముఖముగా నుండుటచే సాయంకాలపు గాలికి మంట ఆఱిపోవును; మూసితిమా, ఉక్కతో నిలువలేము. గిన్నెలు తోముచోట నిలుచున్నవారికి వెలుతురు వీపునకు తగులును గాని చేతులకు తగులదు. ఈ యింటిని నిలువబెట్టినవాడు గలడు. ఇందు దినమున నాఱు గంటలు నిలుచు ఆడుదానిని గూర్చి తలచినవాడు లేడు. మఱియొక యూర మేము పెండ్లికి పోయిన మండపమొకటి గలదు. దాని ముంగిలి కప్పు నడుమ నొక్క స్తంభమైన లేక గాలిలో తేలినట్లుండి చూడముచ్చటగా నుండెను. రెండేండ్లకు మరల పోయినపుడు ఆ కప్పు క్రింద ఊతగా ఇనుప గొట్టములు వరుసగా నిలిపియుండిరి. మా మేనకోడలి కోరిక ఈ రెండు కట్టడముల నడుమ పుట్టినది. కట్టడము ఎవరికొఱకు, ఎట్లుండవలెనో తలచుట ఆర్కిటెక్టు పని. అది ఏ నేలమీద, ఎంత బరువునకు, ఎన్ని కడ్డీలతో నిలుచునో లెక్కించుట ఇంజనీరు పని. ఈ రెండును ఒక్క తలలో నుండరాదా యని ఆమె ప్రశ్న.

మన పూర్వుల గ్రంథములలో ఈ చీలిక ఇంతగా లేదు. మయమతమున నలుగురు పనివారు చెప్పబడిరి: స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుడు, వర్ధకి. తక్షకుడు కఱ్ఱను, ఱాతిని చెక్కును. వర్ధకి చెక్కినవానిని కూర్చును. సూత్రగ్రాహి త్రాడును కొలకఱ్ఱను పట్టి కొలతలు చూచును, ఇతడు స్థపతికి కుమారుడో శిష్యుడో యగును. స్థపతి మాత్రము అన్నింటను ఆఱితేఱినవాడై యుండవలెను. శ్రీమద్రామాయణమున సేతువు గట్టిన నలుడు విశ్వకర్మ కుమారుడు గదా! మొదటి దినమున 14 యోజనములు, పిదప వరుసగా 20, 21, 22, 23, అయిదు దినములకు నూఱు యోజనములు. వానరులు కొందఱు త్రాళ్లు పట్టి కొలుచుచుండిరని వాల్మీకి చెప్పెను. చిన్ననాడు ఆ ఘట్టము చదివినపుడు మేము కొండలు మోయు వానరులనే చూచితిమి. త్రాడు పట్టినవారిని ఈ వేసవిలోనే చూచితిమి.

కావ్యములు చాలవందురా, పాలంపేటలోని రామప్పగుడిని చూడుడు. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించినది; శాసనము 1213వ సంవత్సరముది. పునాది గోతిలో ఇసుక నింపి ఆ యిసుకమీద కట్టడము నిలిపిరి. శిఖరమునకు నీట తేలునంతటి తేలిక యిటుకలు వాడిరి. భూమి కదలినను ఇసుక సర్దుకొనును. పైన బరువు తక్కువ గనుక క్రింది ఱాళ్లకు శ్రమ తక్కువ. 2021లో యునెస్కోవారు దానిని ప్రపంచ వారసత్వస్థలముల పట్టికలో చేర్చిరి. అచటి నల్లఱాతి నర్తకుల భంగిమలు చూచి మురియుదుము గాని, వారి కాళ్లక్రింద ఇసుక పఱచినవానిని ఎవరు తలతురు? ఇద్దఱు వేర్వేఱు పండితులు వేర్వేఱు గదులలో కూర్చుండి చేసిన పని గాదది.

ఇంత దూరమేల? మా పుట్టినిల్లు గోదావరి లంకల సీమలోని మండువా లోగిలి. నాలుగు వైపుల పెంకుటి కప్పులు లోపలికి వాలి, వాన నీరంతయు నడిమి మండువాలో పడి తూము వెంట పోవును. ఆ నడిమి తెఱపినుండియే ఇంటికంతకును వెలుతురు, గాలి. వేసవిలో మధ్యాహ్నము మండువా చుట్టు వసారాలో చాప వేసికొన్నచో విసనకఱ్ఱ యక్కఱ లేదు. ఆ యింటికి ప్లానను కాగిత మెన్నడును లేదట. ఒక వడ్రంగి మేస్త్రి మూలమట్టము పట్టుకొని, ఏ దూలము ఎంత లావుండవలెనో, వసారా ఎంత వెడల్పుండిన పిల్లలు ఆడుకొందురో తానే నిర్ణయించెను. మా తాతగారు ఆయనకు కొత్తబట్టలు పెట్టి గృహప్రవేశమునాడు ముందు కూర్చుండబెట్టిరట.

ఈ విద్య రెండైనది తరువాతి కథ. ఫ్రాన్సుదేశమున 1747లో వంతెనలకును బాటలకును ప్రత్యేక పాఠశాల వెలసెను. 1794లో పాలిటెక్నిక్కు పుట్టెను. భవనముల సౌందర్యము నేర్పు లలితకళల పాఠశాల వేఱుగా నుండెను. ఇనుమును సిమెంటును వచ్చిన పిదప లెక్క బరువెక్కినది; చేతివాటము తెలిసిన మేస్త్రి ఊహ దానికి చాలలేదు. మన దేశమునకు ఆ చదువులు వచ్చినపుడు ఆ గోడతోనే వచ్చినవి. చెన్నపట్టణమున గిండీలో ఇంజనీర్లు, బొంబాయిలో జె.జె. కళాపాఠశాలలో ఆర్కిటెక్టులు తయారైరి.

ఒక సాయంకాలము పిల్లతో గోదావరి గట్టునకు పోయితిమి. రాజమహేంద్రవరమున రైలుకొఱకు కట్టిన వంతెనలు మూడు గలవు: 1900లో తెఱచిన హేవలాకు వంతెన, 1974 నాటి రోడ్డు–రైలు వంతెన, 1997లో తెఱచిన కమానుల వంతెన. మొదటి దానిమీద ఇపుడు బండ్లు నడువవు. మూడవదాని 28 కమానులు, ఒక్కొక్కటి సుమారు 97 మీటర్ల పొడవున, నదిమీద వరుసగా పేర్చిన ధనుస్సులవలె నుండును. వానిని మేము ఎన్నిమాఱులో చూచితిమి. బాగున్నవని మాత్రమే అనుకొంటిమి. పిల్ల పూలమ్మువాని బుట్టలోని వెదురుబద్ద నొకదాని నడిగి తీసికొని విల్లువలె వంచెను. వదలగానే బద్ద చాచుకొనెను. రెండు కొనలకును పూలదారము కట్టి వదలెను, విల్లు నిలిచెను.

"కమాను కాళ్లు బయటికి తన్నుకుంటాయి అత్తయ్యా. ఆ తన్ను నదిలోని స్తంభాలమీద పడకుండా ఈ నారి పట్టుకుంటుంది. రైలు నడిచేది నారిమీద. దాన్ని పైనుంచి కమాను వేలాడదీసి మోస్తుంది" అని చెప్పెను.

"ఈ వంపు అందమునకు పెట్టిరా, బలమునకా?" అని మేమడిగితిమి.

"అదే నాకూ తెలియాలి. ఇక్కడ రెండూ ఒకటే అయ్యాయి. ఎట్లా అయ్యాయో రెండూ చదివితే గాని తెలియదు."

శివధనుర్భంగము నూఱుమాఱులు చదివితిమి గాని, నారియే విల్లును విల్లుగా నిలుపుచున్న దని మాకెన్నడును తోచలేదు. ఆనాటినుండి మేము పిల్ల పక్షము వహించితిమి.

పక్షము వహించుట సులభము. ఏండ్లు లెక్కించుట కష్టము. మన దేశమున ఆర్కిటెక్చరు పట్టమునకు అయిదేండ్లు. అందు కొంతకాలము ఆర్కిటెక్టు యొద్ద పనిచేసి నేర్వవలెను. ఇంజనీరింగునకు నాలుగేండ్లు. ఒకదాని పిదప నొకటి యన్నచో తొమ్మిది. ఏకకాలమున రెండు పట్టములు చదువుటకు 2022లో విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు అనుమతి నిచ్చిరి. కాని రెండును తరగతిలో కూర్చుండి చదువునవైనచో వేళలు ఒకదానితో నొకటి తాకరాదు. ఆర్కిటెక్చరు పిల్లలు దినములో సగము గీతలగదిలోనే యుందురు. బొమ్మయిల్లు చేయవలసినపుడు రాత్రులును అచటనే. ఇంక ఇంజనీరింగు ప్రయోగశాలకు పోవు తీఱిక యెక్కడ? ఇటలీలో ఈ రెండు విద్యలను కలిపిన అయిదేండ్ల చదువు గలదట. అది ముగించినవారు రాజ్యపరీక్ష నిచ్చి ఇంజనీరుగానో ఆర్కిటెక్టుగానో నమోదు కావచ్చును. అమెరికాలో ఆస్టిన్ నగరపు టెక్సాసు విశ్వవిద్యాలయమున ఆఱేండ్లలో ఆర్కిటెక్చరు పట్టమును, భవన ఇంజనీరింగు పట్టమును రెండును పొందు మార్గము గలదు. బడిపంతులు జీతములకు ఆ దారులు అందవు గనుక వానిని గూర్చి మా యింట ఒక పూటకంటె ఎక్కువ మాటలాడలేదు.

మా అన్నయ్యగారు చట్టము తెలిసినవారు. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టముచే ఆర్కిటెక్చరు మండలి పట్టికలో నమోదైనవారు గాక ఇతరులు ఆర్కిటెక్టను పేరు పెట్టుకొనరాదు. అయితే 2020లో సుప్రీంకోర్టువారు, ఈ చట్టము పేరును మాత్రమే కాపాడును గాని, నమోదు కానివారు ఆ పని చేయరాదని నిషేధింపదని తీర్పు చెప్పిరి. అన్నయ్యగారు ఈ తీర్పునే పట్టుకొనిరి. "ఇంజనీరై ప్లాన్లు గీసుకోవచ్చు గదా! బిరుదు లేకపోతే ఏం పోయింది?"

ఈ మాట మాకు గ్రుచ్చుకొన్నది. మేము రఘువంశమును వ్యాఖ్యానముతో చెప్పగలము. మావారి బడిలో తెలుగు పండితులకు సందేహము వచ్చినచో చీటి వ్రాసి మా యింటికి పంపుదురు. సమాధానము వ్రాసి పంపుదుము. ఆ కొలువు ఖాళీ యైననాడు మాత్రము దరఖాస్తు పెట్టు నర్హత మాకు లేదు. విద్య గలిగి పట్టము లేనివారి స్థితి యెట్లుండునో ఆ యింటిలో మాకంటె నెఱిగినవారు లేరు. కనుక అన్నయ్యగారితో, "మీ పిల్లకు పని చేతనై పేరు మఱియొకరిది కావలెననియా మీ కోరిక?" అని అడిగితిమి. ఆయన మాఱు పలుకలేదు. మంచినీళ్లడిగి త్రాగిరి.

ఈ దినములలోనే పిల్ల మాకొక అమెరికా వనిత చరిత్ర చెప్పెను. ఇది మీకును తెలియవలసినది. జూలియా మోర్గన్ అను నామె 1872లో సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున పుట్టెను. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున 1894లో సివిలింజనీరింగు పట్టము గొనెను. మేబెక్ అను ఆర్కిటెక్టు ఆమె బుద్ధి చూచి, పారిసు లలితకళల పాఠశాలకు పొమ్మనెను. 1896లో పోయినది. ఆ పాఠశాలలో అప్పటికి స్త్రీలకు ప్రవేశమే లేదు! మఱుసటి యేట పరీక్షకు కూర్చుండనిచ్చిరి. మొదటిమాఱు 376 మందిలో 42వదిగా వచ్చెను. తీసికొనునది 30 మందిని. రెండవమాఱు, ఆడుపిల్లలకు ప్రోత్సాహమీయరాదని పరీక్షకులే మార్కులు తగ్గించిరని చెప్పుదురు. మూడవమాఱు 13వదిగా వచ్చి 1898లో లోపల కడుగు పెట్టెను. ముప్పదియేండ్లు దాటినవారికి అచట చోటు లేదు. గడువు అంచున, 1902లో, ధ్రువపత్రము చేతబట్టుకొని బయటికి వచ్చెను. వాస్తుశిల్పమున ఆ పాఠశాల ధ్రువపత్రము పొందిన మొదటి స్త్రీ ఆమెయే. ఇంజనీరింగులో చేరిననాటినుండి లెక్కించిన పండ్రెండేండ్లు! మన పిల్ల తొమ్మిదేండ్లకే మేమింత తల్లడిల్లితిమి.

1904లో కాలిఫోర్నియా రాష్ట్రమున ఆర్కిటెక్టుగా అనుమతిపత్రము పొందిన మొదటి స్త్రీ యయ్యెను. ఆ యేడే ఓక్లండులోని మిల్స్ మహిళా కళాశాలకు 72 అడుగుల గంటగోపురము కట్టించెను. ఇనుపకడ్డీలు పెట్టిన కాంక్రీటు అప్పటికింకను క్రొత్త. అనేకులకు దానిమీద నమ్మకము లేదు. 1906 ఏప్రిలు 18వ తేదీన వచ్చిన భూకంపమున సాన్‌ఫ్రాన్సిస్కో కూలి కాలిపోయినది. ఆ గోపురము చెక్కు చెదరలేదు. తరువాత, దెబ్బతిన్న ఫేర్మాంటు హోటలును బాగుచేయు పని ముప్పదినాలుగేండ్ల ఆ స్త్రీకప్పగించిరి. గోపురపు అందము పారిసు చదువుది కావచ్చును. ఆనాటి ఉదయము దానిని నిలిపినది బర్క్‌లీ చదువు. పొడుగు లంగాతోనే సారువ లెక్కి పని చూచెడిదట. 1919 మొదలు 1947 వఱకు సాన్ సిమియోనులో కొండమీద హెర్‌స్టు అను పత్రికాధిపతికి మహాభవనమును కట్టించెను. స్త్రీల సంఘములకు వసతిగృహములు, సభాభవనములు ఎన్నియో కట్టెను. మొత్తము ఏడువందలకు పైగా కట్టడములు. 1957లో కీర్తిశేషురాలయ్యెను. అమెరికా ఆర్కిటెక్టుల సంఘమువారి స్వర్ణపతకము ఆమెకు 2014లో వచ్చినది. ఒక స్త్రీ కిచ్చుట అదియే మొదలు. ఏబదియేడేండ్లు ఆలస్యము!

మా అత్తగారు ఈ కథనంతయు చిక్కుడుకాయలు వలుచుచు విని, "ఆవిడ పెళ్లి చేసుకుందా?" అని ఒక్కటే ప్రశ్న వేసిరి. చేసికొనలేదు. ఆ మాట దాచుట న్యాయము గాదు గనుక చెప్పితిమి. "చూచితిరా!" అని ఆమె గిన్నె లోపలికి తీసికొని పోయిరి.

అత్తగారి భయమును మేము నవ్వి త్రోసివేయలేదు. తొమ్మిదేండ్ల పిమ్మట పిల్లకు ఇరువదియేడు వచ్చును. ఈ కాలమున అది పెద్ద వయసు గాదని పత్రికలలో వ్రాయుట వేఱు. సంబంధములు చూచు పెద్దల నోట వినుట వేఱు. అందుచే మఱునాడు మన తెలుగింటి బిడ్డ అయ్యలసోమయాజుల లలితగారి చరిత్ర ఆమెకు చెప్పితిమి. లలితగారు 1919లో పుట్టిరి. పదునైదవ యేట వివాహము, పదునెనిమిదవ యేట వైధవ్యము. చేతిలో నాలుగు నెలల ఆడుబిడ్డ. తండ్రిగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యులు. ఆయన ప్రోత్సాహమున అచటనే విద్యుత్తు ఇంజనీరింగు చదివి 1943లో ముగించిరి. ఆమె చేరిన పిదప లీలమ్మ జార్జి, పి. కె. త్రెస్యా అను మఱి యిద్దఱు స్త్రీలు సివిలులో చేరిరి. పట్టపు కాగితముమీద 'అతడు' అని అచ్చు వేసియుండగా, కొట్టివేసి 'ఆమె' అని చేతితో దిద్దవలసి వచ్చినదట. భాక్రా నంగల్ విద్యుత్పథకమునకును ఆమె పని చేసిరి. 1964లో న్యూయార్కు నగరమున జరిగిన స్త్రీ ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ సభకు పోయిరి. కూతురిని పెంచుచునే ఇదంతయు చేసిరి. అత్తగారు చాలసేపు పలుకక, "ఆ తండ్రి మంచివాడు" అనిరి. ఆ మాట అన్నయ్యగారికి వినబడవలెననియే అనిరని మా నమ్మకము.

మావారు గణితోపాధ్యాయులు. వారి అభ్యంతరము వేఱు. అదియే మాకు నిజముగా బరువైనదిగా తోచినది. రెండు విద్యలును సగము సగము వచ్చినవారికంటె, ఒకటి పూర్ణముగా వచ్చి రెండవదానిని గౌరవించువాడు మేలని వారి వాదము. షికాగోలోని నూఱంతస్తుల హాన్‌కాక్ భవనమును ఎత్తిచూపిరి. ఢాకాలో చదివి అమెరికా పోయిన ఫజులుర్ రహమాన్ ఖాన్ దానికి ఇంజనీరు, బ్రూస్ గ్రాహం ఆర్కిటెక్టు. గాలికి తట్టుకొనుటకై ఖాన్ పెట్టించిన పెద్ద పెద్ద ఏటవాలు ఉక్కుకట్లు గోడ వెనుక దాగక భవనపు ముఖముమీదనే కనబడును. ఇద్దఱు ఒకే కార్యాలయమున కూర్చుండి ఒక్క తలవలె పనిచేసిరి. స్పెయిను దేశస్థుడు కలత్రావా వలెన్సియాలో ఆర్కిటెక్చరు చదివి, పిదప జ్యూరిచ్‌లో ఇంజనీరింగు పట్టము 1979లోను, పరిశోధన పట్టము 1981లోను గొనెను. అంతటివాడు వెనిసు నగరమున కాలువపై వేసిన వంతెన 2008లో తెఱచిరి. గాజు మెట్లమీద జనులు జాఱిపడుచుండగా, ఆ గాజు తీసి ఱాయి పఱుపవలెనని 2022లో నగరపాలకులు నిశ్చయించిరి! ఇది వినగానే మాకు మయసభయు, నేలయనుకొని నీట పడిన సుయోధనుడును జ్ఞప్తికి వచ్చి నవ్వాగలేదు. రెండు పట్టములున్నంత మాత్రమున తడిసిన మెట్టుమీద ముసలమ్మ కాలు గుర్తుకు వచ్చునని హామీ లేదు. ఈ విషయమున మావారితో మేము ఏకీభవించితిమి. పిల్లయు ఏకీభవించెను.

"అందుకే మామయ్యా, బిరుదుల కోసం కాదు. రెండో విద్య రానివాళ్లు నాకు చెప్పింది నిజమో కాదో నేను తెలుసుకోగలగాలి" అని మాత్రము పలికెను.

ఆ మాట పిమ్మట చర్చ వేఱు త్రోవ పట్టినది. రెండు చదువవలెనా యనుట పోయి, ఏది ముందనుట వచ్చినది. మోర్గన్ ఇంజనీరింగు ముందు చదివెను. కలత్రావా ఆర్కిటెక్చరు ముందు చదివెను. చేతిలో రెండు సీట్లున్నవి: కాకినాడలో సివిలు, విజయవాడలో 2008లో కేంద్రప్రభుత్వమువారు స్థాపించిన ప్లానింగు, ఆర్కిటెక్చరు పాఠశాలలో ఆర్కిటెక్చరు. గడువు మూడు దినములు. లెక్కలు మఱచిపోవును గనుక ఇంజనీరింగే ముందని మావారు. పిల్ల ఆలోచించి, "లెక్క తప్పితే ఇంకో ఇంజనీరు దిద్దుతాడు మామయ్యా. అత్తయ్య వంటింటి కిటికీ దిద్దేవాళ్లు ఎవరూ రాలేదు గదా" అనెను. మావారు కిటికీ వైపు చూచిరి. పెండ్లియైనది మొదలు ఆ కిటికీని గూర్చి మేము చెప్పగా వినినట్లు జ్ఞాపకము లేదు.

తుదకు విజయవాడయే నిశ్చయమైనది. అన్నయ్యగారు అయిదేండ్లకు మాత్రమే మాట ఇచ్చిరి. తరువాతి నాలుగేండ్ల మాట అప్పటి మాట అని గట్టిగా చెప్పిరి. వారిని తప్పుపట్టలేము, వెనుక ఇంకను ఇద్దఱు పిల్లలు గలరు. మేము ఇంటివద్ద పదిమంది పిల్లలకు సంస్కృతము చెప్పగా నెలకు కొంత సొమ్ము వచ్చును. దానిని పోస్టాఫీసులో అయిదేండ్ల గడువుగల నెలవారీ పొదుపు ఖాతాలో వేయ మొదలుపెట్టితిమి. వంటయింటి గచ్చు బాగుచేయించుటకని కూడబెట్టిన దానితో ఖాతా తెఱచితిమి. గడువు తీఱునాటికి పిల్ల మొదటి చదువు ముగియును. రెండవదానికి పోవునో, పనిలో చేరునో, పెండ్లి చేసికొనునో అపు డామెయే చెప్పవలెను. సొమ్ము మాత్రము ఆమెదే. ఈ సంగతి అత్తగారికి తెలియును, అన్నయ్యగారికి తెలియదు.

ఆగస్టులో పాఠములు మొదలైనవి. మొన్న ఫోను చేసినది. పాత యింటి నొకదానిని అడుగడుగునకు కొలిచి పటము గీసికొని రావలెనని చెప్పిరట. మా పుట్టింటి మండువా లోగిలిని ఎంచుకొన్నది. మా తమ్ముడు సంక్రాంతికి వెనుకవైపు పెంకు దింపి శ్లాబు వేయింప నున్నాడు గనుక, దసరా సెలవులు దాటిన ఆ దూలములు కొలుచుటకు మిగులవు. తమ్మునికి చెప్పి, అంతవఱకు మేస్త్రిని ఆపుమంటిమి. ఒక్కతెయే టేపు రెండు కొనలను పట్టుకొనలేదు గనుక మేమును పోవుచున్నాము. అటకమీది పాత సామాను ముందే దింపించి, వాసములదాక అందు నిచ్చెన నొకదానిని ఎచటనైనను తెప్పించి యుంచుమన్నది.